గాట్లిన్‌బర్గ్ రద్దీ వద్దు, చలికాలంలో అమ్మానాన్నలతో అడవిలో నడిచి చూసే పాత రైతు ఇల్లు ఏదైనా ఉందా?

కారీ_కిరణ్
క్రిస్మస్ సెలవులకి టెనెసీలో గాట్లిన్‌బర్గ్ ఊరి దగ్గర, స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు పక్కన నాలుగు రోజులు క్యాబిన్ తీసుకున్నాం. అమ్మానాన్నలు ఇక్కడే ఉన్నారు, నాన్నకి 68, అమ్మకి 63. పోయినసారి అత్తామామలు వచ్చినప్పుడు కేడ్స్ కోవ్ (ఆ పార్కులోనే కార్లో చుట్టి చూసే లోయ) తీసుకెళ్ళాను, 11 మైళ్ళ లూప్‌కి మూడున్నర గంటలు పట్టింది, ముందు కార్లవాళ్ళు జింక కనపడిన ప్రతిచోటా బ్రేక్ వేయడం, మామగారు వెనక సీట్లో గురక. ఈసారి అది వద్దు. గాట్లిన్‌బర్గ్ మెయిన్ రోడ్డు మీద లైట్లు చూడ్డం అంతకన్నా వద్దు. నాన్న జన్మంతా సేద్యం చేసిన మనిషి, వచ్చి రెండు నెలలైంది, "మాల్సూ గుళ్ళూ చూశాను, ఇక్కడ పూర్వం రైతులు ఎలా బతికారో చూపించరా" అన్నారు. కారు దిగి కాస్త అడవిలో నడిచి, చివర్లో ఒక పాత ఇల్లు చూసి వచ్చేలాంటి చోటు ఉందా? చలికి వాళ్ళు తట్టుకుంటారా అన్నదే నా టెన్షన్.

బద్ధకరత్న
క్యాబిన్‌లో పొయ్యి ముందు కూర్చోబెట్టి టీవీలో చూపించు. అడవీ అదే, చలి ఉండదు.

నాక్స్‌విల్_పద్మ
వాకర్ సిస్టర్స్ ఇల్లు, ఆ పేరున్న రైతు అక్కచెల్లెళ్ళు బతికిన పాత దుంగల ఇల్లు. ఇంకో ఆలోచనే వద్దు. లిటిల్ రివర్ రోడ్డు మీద మెట్‌కాఫ్ బాటమ్స్ పిక్నిక్ ఏరియా ఉంటుంది, గాట్లిన్‌బర్గ్ వైపు నుంచి కేడ్స్ కోవ్‌కి వెళ్ళే దారిలోనే. అక్కడ కారు పెట్టి, నది దాటి, ట్రెయిల్ పట్టుకుంటే ముప్పావు మైలు లోపే 1882లో కట్టిన లిటిల్ గ్రీన్‌బ్రయర్ స్కూలు వస్తుంది. దుంగలతో కట్టిన ఒక్క గది బడి. దాన్నే చర్చిగానూ వాడుకున్నారు, పక్కనే సమాధులు. బడి దగ్గర్నుంచి పాత బండిబాట లాంటి వెడల్పు దారిలో ఒక మైలు పైచిలుకు నడిచి, కుడివైపుకి తిరిగితే ఆ ఇల్లు. రానూపోనూ నాలుగు మైళ్ళు అటూ ఇటూగా. ఎక్కుడు ఉంది గానీ మోకాళ్ళు మొరాయించేంత కాదు. బడి దాకా సన్నటి కంకర రోడ్డు ఒకటి ఉంది, చలికాలంలో మాత్రం దాన్ని నమ్ముకోకండి.

బాత్రూమ్ పని పిక్నిక్ ఏరియాలోనే ముగించుకోండి, దారిలో ఏమీ ఉండదు. ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

వీకెండ్_వంశీ
పార్కుకి ఎంట్రీ ఫ్రీ కదా? మా కుక్కని తీసుకెళ్ళొచ్చా? ఒక డ్రోన్ షాట్ కూడా తీద్దామనుకుంటున్నా, మంచు పడితే అడవి పైనుంచి అదిరిపోతుంది.

నాక్స్‌విల్_పద్మ
ఎంట్రీ ఫ్రీనే, పార్కింగ్ కాదు. 2023 మార్చి నుంచి 15 నిమిషాలు దాటి కారు ఆపితే ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. కిరణ్ గారు, నాలుగు రోజులంటే వారం ట్యాగే మేలు. ఇక వంశీ, కుక్కల్ని ఆ పార్కు మొత్తంలో రెండే రెండు ట్రెయిల్స్‌లో రానిస్తారు, గాట్లిన్‌బర్గ్ ట్రెయిల్, ఓకనలఫ్టీ రివర్ ట్రెయిల్. ఇది ఆ రెండిట్లో లేదు. డ్రోన్ అయితే నేషనల్ పార్కుల్లో ఎక్కడా ఎగరేయకూడదు.

వీకెండ్_వంశీ
అయితే ఇక నేను ఒక్కడినే వెళ్ళాలి.

బద్ధకరత్న
కుక్క హ్యాపీ.

అనుమానం_అప్పారావు
నేను వెళ్ళాను అక్కడికి, రెండేళ్ళ కిందట, అదీ చలికాలంలోనే. నిజం చెప్పాలంటే నాలుగు దుంగలు, ఒక పొయ్యి, గోడల నిండా ఎవడెవడో చెక్కిన పేర్లు. ఇల్లు ఖాళీ. సామాన్లు లేవు, చెప్పేవాళ్ళు లేరు. చెట్లకి ఆకులు లేవు, పువ్వులు లేవు, అంతా బూడిద రంగు. పెద్దవాళ్ళని ఎముకలు కొరికే చలిలో రెండు గంటలు నడిపించి ఇదా చూపించేది అనిపిస్తుంది. అంతకంటే ఆ కేడ్స్ కోవే నయం, హీటర్ వేసుకుని కార్లో తిరగొచ్చు.

ట్రెయిల్‌పిచ్చోడు
అప్పారావు గారు చెప్పినదాంట్లో సగం నిజం, ఆ సగం వల్లే నేను చలికాలంలో వెళతాను. ఆకులు లేవు అన్నారే, అసలు లాభమే అది. వేసవిలో ఆ దారిలో పది అడుగుల అవతల ఏముందో కనపడదు, పచ్చటి గోడ. ఆకు రాలాక చూడండి, రాళ్ళు పేర్చిన గట్లు కనిపిస్తాయి, ఒక పొలం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, అక్కడక్కడా ఇల్లు పోయి చిమ్నీ ఒక్కటే నిలబడి ఉంటుంది. మనం అడవి అనుకుంటున్నది నిన్నమొన్నటి దాకా ఊరు. ఇంకో గుర్తు చెప్తా, ఎవరూ లేని చోట వసంతం ముందు డాఫొడిల్స్ వరసగా మొలిచాయంటే అక్కడ ఒకప్పుడు వాకిలి ఉండేదని లెక్క, ఎవరో ఇల్లాలు నాటినవి.

ఇక జాగ్రత్తలు. జీన్స్ వద్దు, నూలు బట్టలు చెమటకి తడిస్తే ఆరవు, ఒళ్ళు చల్లబడిపోతుంది. ఉన్ని గానీ సింథటిక్ గానీ లోపల, పైన గాలి ఆపే జాకెట్, మధ్యలో ఫ్లీస్. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా ఉండాలి, వెచ్చగా బయల్దేరితే పది నిమిషాల్లో చెమట పడుతుంది. మైక్రోస్పైక్స్ (బూట్లకి తొడుక్కునే చిన్న గొలుసు ముళ్ళు) తప్పకుండా పెట్టుకోండి, మంచు అక్కర్లేదు, ముందు రోజు వాన పడి రాత్రికి గడ్డకడితే చాలు. దారిలో వాగు మీద దుంగ వంతెన ఉంది, ఒక పక్కనే పట్టుకునే కర్ర ఉంటుంది. పోయినేడు నేను "ఇదేముందిలే" అని స్టయిలుగా నడిచి మధ్యలో కూర్చుండిపోయాను. నీళ్ళలో పడలేదు గానీ తోక ఎముక రెండు వారాలు గుర్తుచేసింది.

డిసెంబర్‌లో ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, లోయలో ఇంకా ముందే చీకటి. పదకొండుకి బయల్దేరి మూడుకల్లా కారు దగ్గర ఉండేలా చూసుకోండి.

లలిత_జె
మా అమ్మని తీసుకెళ్ళాను, చీర మీదే. లోపల థర్మల్ ప్యాంటు, కింద హైకింగ్ బూట్లు, పైన నా ఫ్లీస్ జాకెట్, నెత్తికి మంకీ క్యాప్. దారిలో ఎదురైన ఒక అమెరికన్ పెద్దావిడ ఆగి చీర ఎలా కట్టుకుంటారో అడిగింది, అమ్మ చలిలో నిలబడి కుచ్చిళ్ళ క్లాస్ తీసుకుంది. అప్పారావు గారూ, సామాన్లు లేని ఇల్లు ఖాళీగా ఉండదు, ఇల్లు చూసేవాళ్ళకి ముందే కథ చెప్పి తీసుకెళ్ళాలి. చెప్పకుండా తీసుకెళితే నాలుగు దుంగలే.

కారీ_కిరణ్
ఆ కథేంటో ఎవరైనా చెప్పండి మరి. నాన్నకి చెప్పాలి.

నాక్స్‌విల్_పద్మ
పెద్దదే, ఓపికగా చదవండి.

జాన్ వాకర్ అని అంతర్యుద్ధంలో ఉత్తరాది వైపు పోరాడిన ఆయన. పదకొండు మంది పిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు. మగపిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు, ఆడపిల్లల్లో కేరొలైన్ ఒక్కతే పెళ్ళాడింది. 1921లో తండ్రి పోయాక పొలం మిగతా అక్కచెల్లెళ్ళే చూసుకున్నారు. నూట ఇరవై రెండు ఎకరాల చిల్లర. గొర్రెల ఉన్ని వాళ్ళే తీసి, వడికి, మగ్గం మీద నేసుకునేవాళ్ళు, పత్తీ పండించుకున్నారు. పంచదార, సోడా, కాఫీ, ఉప్పు తప్ప మిగతావన్నీ మా నేలే ఇస్తుందని చెప్పేవాళ్ళట.

1934లో నేషనల్ పార్కు వచ్చింది. పడమటి రాష్ట్రాల పార్కుల్లా అది ప్రభుత్వ భూమి కాదు, మనుషులున్న పొలాలు, కలప కంపెనీల అడవులు, అన్నీ ఒక్కొక్కటిగా కొనాల్సి వచ్చింది. టెనెసీ, నార్త్ కరొలైనా రాష్ట్రాల డబ్బు, జనం చందాలు, రాక్‌ఫెల్లర్ల నిధి నుంచి 50 లక్షల డాలర్లు. వెయ్యికి పైగా కుటుంబాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. అప్పటికి ఇంట్లో ఉన్న ఐదుగురు అక్కచెల్లెళ్ళు మాత్రం కదలమన్నారు. 1940లో రూజ్‌వెల్ట్ వచ్చి పార్కుని అంకితం చేసినా వీళ్ళు ఇంకా అక్కడే. చివరికి 1941లో 4,750 డాలర్లకి అమ్మారు, బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండేట్టు లీజుతో. ఆఖరున మిగిలిన లూయీసా 1964లో పోయేదాకా అక్కడే ఉంది.

అనుమానం_అప్పారావు
డబ్బూ ఇచ్చారు, ఇంట్లో ఉండనిచ్చారు కూడా. ఇంకేం కావాలి? మన దగ్గర ఎవరికిచ్చారు ఇలా.

సీమబిడ్డ
ఎకరం 40 డాలర్లు కూడా పడలేదు, లెక్క వేసుకోండి. ఉండనిచ్చారు సరే, లీజులో వేట లేదు, చేపలు లేవు, కట్టె కొట్టకూడదు, పశువుల్ని మేపకూడదు. రైతుని ఇంట్లో ఉంచి సేద్యం తీసేసుకోవడం అది. దాన్ని అదృష్టం అంటే నేను ఒప్పుకోను.

మా తాతగారి ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. 1981. నేను పుట్టలేదు, అంతా మా జేజి చెప్పగా విన్నదే. పంట చేతికొచ్చే లోపే ఖాళీ చేయమన్నారట, తలుపులు పీకి ఎద్దులబండి మీద వేసుకొచ్చారు, ఆ తలుపు ఒకటి ఇప్పటికీ మా చిన్నాయన ఇంట్లో ఉంది. డ్యామ్‌లో నీళ్ళు తగ్గిన ఎండాకాలంలో మొండిగోడలు బయటపడతాయి. సంగమేశ్వరం గుడి తేలినట్టే. జేజి ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ అడిగేది, "ఈసారి నీళ్ళు ఏమాత్రం దిగినాయి రా" అని. ట్రెయిల్‌పిచ్చోడు అన్న చిమ్నీల మాట చదవగానే అదే గుర్తొచ్చింది, అక్కడ ఆకు రాలాలి, ఇక్కడ నీళ్ళు తగ్గాలి.

అనుమానం_అప్పారావు
సీమబిడ్డ, నేను ఆ కోణంలో చూడలేదు. అన్నమాట వెనక్కి తీసుకోను గానీ సగం తగ్గిస్తున్నా. ఎందుకంటే పార్కు రాకపోతే ఆ అడవి ఉండేదే కాదు, కలప కంపెనీలు అప్పటికే చాలా భాగం నరికేశాయి. ఇప్పుడు మనం నడుస్తున్నది మళ్ళీ పెరిగిన అడవి.

సీమబిడ్డ
అడవి దక్కింది, ఒప్పుకుంటా. మాకు కరెంటూ నీళ్ళూ వచ్చాయి, అదీ ఒప్పుకుంటా. పోగొట్టుకున్నవాళ్ళూ వాడుకున్నవాళ్ళూ ఒకరే కాదు, నా గొడవంతా అదే.

ట్రెయిల్‌పిచ్చోడు
మళ్ళీ పెరిగినా అదే అడవి కాదు. చెస్ట్‌నట్ చెట్లు ఒకప్పుడు ఆ కొండల నిండా ఉండేవి, బయటి దేశం నుంచి వచ్చిన బూజు తెగులుకి 1940లకల్లా దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు హెమ్‌లాక్‌ల వంతు, 2002లో అక్కడ ఒక పురుగు కనిపించింది, తెల్ల దూది ఉండల్లా కొమ్మలకి పట్టి రసం పీల్చేస్తుంది. చలికాలంలో సతతహరితంగా ఉండాల్సిన చెట్టు ఎండి బూడిద రంగులో నిలబడి ఉంటే అది హెమ్‌లాకే. అప్పారావు గారికి అంతా బూడిదగా కనపడ్డానికి అదీ ఒక కారణం.

బద్ధకరత్న
ఒక మంచి పిక్నిక్ ప్రశ్నని ఇలా ఏడిపించేశారు. ఎలుగుబంట్ల సంగతి ఎవరూ చెప్పలేదే? అవి నిద్రపోతుంటాయి కదా?

నాక్స్‌విల్_పద్మ
అది గాఢ నిద్ర కాదు, కునుకు. ఎండ కాసిన రోజు లేచి తిరుగుతాయి కూడా. ఆ పార్కులో దాదాపు 1,900 ఉన్నాయి. 50 గజాల దూరం పాటించాలి, తిండి వదలకూడదు. పులిహోర పొట్లాలతో సహా.

బద్ధకరత్న
పులిహోర వదిలేసే తెలుగువాడిని నేను ఇంతవరకు చూడలేదు.

లలిత_జె
పద్మ గారు ఒక ముఖ్యమైన ముక్క చెప్పలేదు. 1946లో ఒక పెద్ద వారపత్రిక వాళ్ళ గురించి రాసింది, ఇక జనం ఎగబడ్డారు. వాకర్ అక్కచెల్లెళ్ళు కూడా విసుక్కోకుండా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్ళు, అల్లిన లేసులూ వేయించిన ఆపిల్ కజ్జికాయల్లాంటివీ అమ్మేవాళ్ళు. లూయీసా తను రాసిన పద్యాలు కూడా అమ్మేది. 1953కల్లా ఇద్దరే మిగిలారు, మార్గరెట్‌కి 82, లూయీసాకి 70. అప్పుడు పార్కు అధికారికి ఉత్తరం రాశారు, మా ఇంటికి దారి చూపించే బోర్డు దయచేసి తీసేయండి, ఇంటి పనీ చేసుకుని వచ్చినవాళ్ళనీ చూసుకునే ఓపిక లేదు మాకు అని. నాకు ఆ ఇంటి వసారాలో నిలబడ్డప్పుడు ఇదే బుర్రలో తిరిగింది. గోడల మీద పేర్లు చెక్కేవాళ్ళకి ఆ ఉత్తరం చదివి వినిపించాలి.

వీకెండ్_వంశీ
డ్రోన్ మాట ఎత్తినందుకు సిగ్గేస్తోంది ఇప్పుడు.

కారీ_కిరణ్
అందరికీ థాంక్స్, ఫిక్స్. శనివారం వెళ్తున్నాం. వచ్చి చెప్తా.

నాక్స్‌విల్_పద్మ
బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో రోడ్లు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి, మంచు పడితే లిటిల్ రివర్ రోడ్డు కూడా మూసేస్తారు. న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డయితే చెప్పక్కర్లేదు, 5,046 అడుగుల ఎత్తు, కింద ఎండ కాస్తున్నా పైన మంచు ఉంటుంది. వాకర్ ఇంటి లోపలికి మామూలుగా వెళ్ళొచ్చు గానీ మరమ్మతులప్పుడు మూస్తారు, అదీ చూడండి.

కారీ_కిరణ్
వచ్చేశాం, అందరూ కాళ్ళూచేతులతో క్షేమం.

ఉదయం 24 డిగ్రీలు (ఫారెన్‌హీట్, సెల్సియస్ అనుకుని మా అమ్మ ఇదేం చలి అంది, బయటికొచ్చాక తెలిసింది). బయల్దేరేసరికి పదకొండు దాటింది, మధ్యాహ్నానికి 38 దాకా వచ్చింది. దుంగ వంతెన మీద పలచగా మంచు పేరుకుని ఉంది, స్పైక్స్ వేసుకుని అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి పక్కకి నడిపించా, పిచ్చోడు గారి తోక ఎముక గుర్తుచేసుకుంటూ. నాన్న స్పైక్స్ వద్దన్నారు, తర్వాత వేసుకున్నారు, వేసుకున్నానని ఎవరికీ చెప్పొద్దన్నారు.

దారి పొడుగునా రోడోడెండ్రాన్ పొదలు, ఆకులన్నీ సన్నగా చుట్టుకుపోయి కిందికి వేలాడుతున్నాయి. ఎండిపోయాయేమో అనుకున్నా. నాన్న ఒకటి వేళ్ళతో తాకి చూసి "ఎండలేదురా, చుట్ట చుట్టుకుంది" అన్నారు. చలికి ముడుచుకుంటాయట, తిరిగొచ్చేటప్పటికి ఎండకి సగం విచ్చుకుని ఉన్నాయి. నాకు మొత్తం ట్రిప్పులో అదే వింతగా అనిపించింది.

బడిలో అమ్మ ముందు బెంచీలో కూర్చుని ఫొటో తీయించుకుంది. ఇంటి దగ్గర మేం తప్ప ఎవరూ లేరు, ఒక అరగంట. ఇల్లు, మొక్కజొన్న కంకులు దాచుకునే కొట్టు, ఊట మీద కట్టిన చిన్న గది, ఈ మూడే మిగిలాయి. నాన్న ఇంట్లోకి వెళ్ళలేదు ముందు. మూలల దగ్గర నిలబడి ఒక దుంగకి గాడి కొట్టి ఇంకో దుంగని ఎలా కూర్చోబెట్టారో చాలాసేపు చూశారు. తర్వాత ఆ కొట్టు చుట్టూ తిరిగి, "ఇది గరిసెరా, సందులు కావాలనే వదిలారు, కంకులకి గాలి తగలాలి" అన్నారు. ఊట గదిలో నీళ్ళు ఇంకా పారుతున్నాయి, పాలు చల్లగా ఉండడానికి అందులో పెట్టేవాళ్ళని చెప్పాను. అమ్మ మాత్రం ఒకటే ప్రశ్న, "ఐదుగురికీ పెళ్ళి కాలేదా? అడిగేవాళ్ళు లేరా, వీళ్ళే వద్దన్నారా?" నా దగ్గర జవాబు లేదు.

లలిత గారి ఉత్తరం సంగతి వసారాలో నిలబడి చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. కాసేపయ్యాక పులిహోర డబ్బా మూత పెట్టేసి "ఇక్కడ వద్దులే, కారు దగ్గర తిందాం" అన్నారు.

అనుమానం_అప్పారావు
మీ నాన్నగారితో వెళ్ళుంటే నాకూ నాలుగు దుంగలకంటే ఎక్కువ కనపడేవేమో. గరిసె అన్న మాట విని పాతికేళ్ళయింది.

సీమబిడ్డ
మీ అమ్మగారి ప్రశ్న మా జేజి కూడా అడిగేది, గ్యారంటీ.

ట్రెయిల్‌పిచ్చోడు
రోడోడెండ్రాన్ ఆకులు చలి పెరిగేకొద్దీ బిగుసుకుంటాయి, నేను థర్మామీటర్ తీసుకెళ్ళను, వాటినే చూస్తా. మీ నాన్నగారు ఒక్క చూపులో పట్టేశారు.

లలిత_జె
నీళ్ళు పారుతున్నాయా ఇంకా! మేం వెళ్ళినప్పుడు ఆ గది తలుపు దగ్గర్నుంచే చూసి వచ్చేశాం, వంగి చూడలేదు.

బద్ధకరత్న
ఒక ఒప్పుకోలు. మొన్న ఆదివారం నేనూ వెళ్ళాను. ఒక్కడినే. బడి దాకా వెళ్ళి ఇక చాలనుకున్నా, వెనక్కి తిరగబోతుంటే డెబ్బై ఏళ్ళ జంట ఒకటి నన్ను దాటుకుని పైకి పోయింది, పరువు పోతుందని వెనకాలే వెళ్ళా. చిమ్నీలు రెండు లెక్కపెట్టాను, మూడోది చెట్టు మొద్దు. పార్కింగ్ ట్యాగ్ మాత్రం వారానిది కొన్నాను పొరపాటున, గురువారం లోపు ఎవరైనా వస్తారా నాతో?

వీకెండ్_వంశీ
నేనొస్తా. కుక్కని పక్కింటివాళ్ళకి అప్పజెప్పా.